బ్రాడీపేట మేడమ్ గారి రైటింగ్ క్లాస్: ఓఈటీ రాసే సిస్టర్ల కోసం నా రివ్యూ

ఓఈటీకి (విదేశాల్లో పని చేయాలనుకునే నర్సులు, డాక్టర్ల లాంటివాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) చదువుకుంటున్న నర్సుల గ్రూపుల్లో రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, "రైటింగ్ ఎక్కడ బాగా చెప్తారు సిస్టర్?" అని. లిజనింగ్, రీడింగ్ ఇంట్లో కూర్చుని ప్రాక్టీస్ చేసుకోవచ్చు, ఆన్సర్ కీ ఉంటుంది, ఎన్ని కరెక్టో మనమే చూసుకోవచ్చు. స్పీకింగ్‌కి ఫ్రెండ్ ఎవరైనా పేషెంటులా కూర్చుంటే చాలు. రైటింగ్ దగ్గర మాత్రం మనం రాసింది చదివి, ఎక్కడ ఏం బాగోలేదో చెప్పే మనిషి కావాలి. అలాంటి మనిషి గుంటూరు బ్రాడీపేటలో నాకు దొరికారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. చదివేవాళ్లలో చాలామంది నైట్ డ్యూటీ చేసి వచ్చి, ఉన్న కాస్త టైమునీ డబ్బునీ ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక ఉంటారని నాకు తెలుసు.

నా సంగతి ముందు చెప్తాను, మీకు పోల్చుకోవడానికి వీలుగా ఉంటుంది. పదో తరగతి వరకు తెలుగు మీడియం, రేపల్లె దగ్గర పల్లెటూరు. తర్వాత జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా. ఇప్పుడు కొత్తపేటలో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో సర్జికల్ వార్డులో పని చేస్తున్నాను. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, డాక్టర్లతో మాట్లాడగలను. తెల్ల కాగితం ముందు పెట్టి ఒక పేజీ రాయమంటే మాత్రం చెయ్యి ఆగిపోయేది. మనలో చాలామంది పరిస్థితి ఇదే. మనకి స్కూల్లో ఇంగ్లిష్ రాయడం అంటే బోర్డు మీద ఉన్నది ఎక్కించుకోవడం, గైడులో ఉన్న వ్యాసం బట్టీ పట్టి పరీక్షలో దించడం. సొంతంగా నాలుగు వాక్యాలు కూర్చమని అడిగినవాళ్లు తక్కువ.

పరీక్ష గురించి కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఓఈటీ రైటింగ్ మొత్తం 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు కేస్ నోట్స్ (పేషెంటు వివరాలు రాసి ఇచ్చే కాగితం) చదవడానికే, పేపర్ మీద రాసే పరీక్షలో ఆ టైములో పెన్ను ముట్టుకోకూడదు, కింద గీత కూడా గీయకూడదు. మిగతా 40 నిమిషాల్లో ఒక ఉత్తరం రాయాలి. రిఫరల్ గానీ, డిశ్చార్జ్ గానీ, ట్రాన్స్‌ఫర్ గానీ. సుమారు 180 నుంచి 200 పదాలు. మార్కులు ఆరు విషయాలకి వేస్తారు: ఉత్తరం ఎందుకు రాశామో వెంటనే తెలుస్తోందా, కావలసిన సమాచారం ఉందా, అనవసరమైనది వదిలేశామా, మర్యాదా పద్ధతీ ఒక వృత్తిలో ఉన్నవాళ్లు రాసినట్టు ఉన్నాయా, పేరాల అమరిక, చివరగా భాష. మొదటిదానికి 3 మార్కులు, మిగతా ఐదింటికీ తలా 7. గ్రామర్ అనేది ఈ ఆరింటిలో ఒక్క దాంట్లోనే ఉందని గమనించండి. నేను చాలా రోజులు రైటింగ్ అంటే గ్రామరే అనుకున్న బ్యాచ్‌లో కూర్చున్నాను, అందుకే ఇది నొక్కి చెప్తున్నాను.

యూకే వెళ్లాలనుకునేవాళ్లకి అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 350 అడుగుతుంది, రైటింగ్‌లో 300 ఉంటే సరిపోతుంది. ఐఈఎల్‌టీఎస్ (ఏ రంగం వాళ్లైనా రాసే మామూలు ఇంగ్లిష్ పరీక్ష) అయితే మిగతా మూడింటిలో 7, రైటింగ్‌లో 6.5. ముందు అన్నింటికీ ఒకటే స్కోరు ఉండేది. 2018 చివర్లో ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌కి తగ్గించారు, ఆ తర్వాత ఓఈటీకి కూడా. మిగతా వాటిలో గట్టెక్కి రైటింగ్ ఒక్కదాని దగ్గర ఆగిపోయే నర్సులు అంతమంది ఉంటారు.

బ్రాడీపేటకి రాకముందు నేను వేరే పెద్ద కోచింగ్ సెంటర్లో చేరాను. ఏసీ గది, ప్రొజెక్టర్, నలభై మంది. మొదటి రోజే ఒక టెంప్లేట్ ఇచ్చారు. మొదటి పేరా ఇలా, రెండో పేరా ఇలా, ఖాళీల్లో పేషెంట్ పేరు, వయసు, జబ్బు పెట్టండి, చివర ఫలానా వాక్యం రాయండి అని. రోజుకో కొత్త ఉత్తరం. మర్నాడు ఎర్ర ఇంకుతో దిద్దిన కాగితం తిరిగొచ్చేది, పైన ఒక మార్కు. ఎర్ర ఇంకు చూసి మనసు చివుక్కుమనేది, కాగితం మడిచి బ్యాగులో పెట్టేసేదాన్ని. అందరూ అంతే. దిద్దిన కాగితం మళ్లీ తీసి చదివినవాళ్లని నేను చూడలేదు, ఎందుకంటే అప్పటికే ఇంకో కొత్త ఉత్తరం నెత్తి మీద ఉండేది. కేస్ నోట్స్ కాస్త అటూ ఇటూ అయితే ఆ టెంప్లేట్‌లో ఇమిడేది కాదు. పేషెంటుకే నేరుగా సలహా ఉత్తరం రాయమని ఒక రోజు ఇస్తే క్లాసులో సగం మంది పెన్ను కదపలేదు. ఫీజు బాగానే తీసుకున్నారు, ఆ డబ్బుకి బాధగానే ఉంది.

బ్రాడీపేట క్లాసుకి పేరు లేదు, బోర్డు లేదు. ఒక మందుల షాపు పైన మొదటి అంతస్తు. చెప్పే మేడమ్ గారు డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఆవిడ పేరు నేను ఇక్కడ రాయను, ఆవిడకి అది ఇష్టం లేదు. బ్యాచ్‌కి పన్నెండు మందిని మించి తీసుకోరు. రైటింగ్ ఒక్కటే చెప్తారు.

మొదటి రోజు టెంప్లేట్ ఇస్తారేమో అని అందరం నోట్ పుస్తకాలు తెరిచి కూర్చున్నాం. ఆవిడ కేస్ నోట్స్ ఇచ్చి, పెన్నులన్నీ మూతలు పెట్టి బల్ల మధ్యలో పెట్టమన్నారు. ఐదు నిమిషాలు చదవనిచ్చి, ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టారు. "ఇప్పుడు మీ డ్యూటీ అయిపోయింది, ఎదురుగా ఉన్న అమ్మాయి నైట్ డ్యూటీకి వచ్చింది. ఈ పేషెంట్‌ని హ్యాండోవర్ ఇవ్వండి. తెలుగులోనే ఇవ్వండి," అన్నారు.

మేమందరం గడగడా చెప్పేశాం. మంచం నంబరు, పేరు, ఎందుకు అడ్మిట్ అయ్యారు, ఈ రోజు ఏం చేశాం, రాత్రికి ఏం చూసుకోవాలి, ఏ మందు పడదు. రెండు నిమిషాల్లో అయిపోయింది. అప్పుడు మేడమ్ అడిగారు, "ఆయన 1985లో అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకున్నారని నోట్స్‌లో ఉంది కదా, ఎవరైనా చెప్పారా?" ఎవరూ చెప్పలేదు. "ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే, నైట్ సిస్టర్‌కి దాంతో పనేముంది మేడమ్ అన్నాం. "మరి మొన్న అడ్మిషన్ టెస్టులో మీరు రాసిన ఉత్తరాల్లో అలాంటివన్నీ ఎందుకు రాశారు?" అని ఆవిడ మా కాగితాలే మా ముందు పెట్టారు.

నాకు ఈ క్లాస్ మీద గురి కుదిరింది అక్కడే. ఏది ముఖ్యం, ఏది కాదు, ఏది ముందు చెప్పాలి అనేది మనకి రాకపోవడం కాదు, రోజుకి మూడు షిఫ్టుల్లో చేస్తూనే ఉన్నాం. ఇంగ్లిష్‌లో రాయమనేసరికి భయంతో ఆ తెలివిని పక్కన పెట్టేసి, నోట్స్‌లో ఉన్నదంతా వరసగా ఎక్కించేస్తున్నాం. ఆవిడ మా చేత తెలుగులో ముందు చెప్పించి, ఆ వరసనే కాగితం మీద నాలుగు ముక్కల్లో రాసుకోమని, ఆ తర్వాతే ఇంగ్లిష్ ఉత్తరం మొదలుపెట్టించారు. ఇంగ్లిష్ క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే చోట్లు చూసిన నాకు ఇది చాలా ఊరటగా అనిపించింది. కొన్ని వారాలయ్యాక ఆ తెలుగు హ్యాండోవర్ మనసులోనే, అర నిమిషంలో అయిపోతుంది.

ఒక కేసు గురించి చెప్పాలి. అరవై రెండేళ్ల ఆయన, పదిహేనేళ్లుగా షుగరు, కాలి బొటనవేలి కింద పుండుతో అడ్మిట్ అయ్యారు. శుభ్రం చేసి, యాంటీబయాటిక్స్ ఇచ్చి డిశ్చార్జ్ చేస్తున్నారు. ఇంటికెళ్లి డ్రెస్సింగ్ చేసే కమ్యూనిటీ నర్సుకి ఉత్తరం రాయాలి. నోట్స్‌లో ఇంకా చాలా ఉన్నాయి: పెన్సిలిన్ ఎలర్జీ, భార్య చనిపోయారు, రెండో అంతస్తులో ఒంటరిగా ఉంటారు, పాత అపెండిక్స్ ఆపరేషన్, రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్, తోటపని అంటే ఇష్టం.

తోటపని దగ్గర గొడవ మొదలైంది. దాదాపు అందరం దాన్ని కొట్టేశాం. హాబీలు వదిలేయాలని పాత కోచింగుల్లో చెప్పిన సూత్రం. మా బ్యాచ్‌లో ఒక అక్క మాత్రం ఉంచింది. "ఎందుకు ఉంచావమ్మా?" అని మేడమ్ అడిగితే ఆ అక్క, "మట్టిలో చెప్పుల్లేకుండా తిరుగుతారు మేడమ్. కాలికి స్పర్శ ఉండదు, ముల్లు గుచ్చుకున్నా తెలీదు. మళ్లీ పుండుతో మన దగ్గరికే వస్తారు," అంది. మేడమ్ అందరి వైపూ చూసి, "మరి ఉత్తరంలో ఏమని రాయాలి? తోటపని ఇష్టం అనా?" అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ అక్కే మళ్లీ చెప్పింది, తోటలోకి వెళ్లేటప్పుడు మూసి ఉండే బూట్లు వేసుకునేలా, రోజూ పాదాలు చూసుకునేలా చెప్పమని రాయాలని. నోట్స్‌లో హాబీల కింద ఉన్న ఒక్క మాట ఉత్తరంలో నర్సు చేయాల్సిన పనిగా మారింది. ఏ సమాచారం ఉంచాలి అన్నదానికి ఇంతకన్నా మంచి పాఠం నేను వినలేదు. అది వచ్చింది మా సర్జికల్ వార్డు అనుభవంలోంచే.

అలాగే ఒంటరిగా ఉంటారన్నది ఎందుకు ఉంచాలి, రెండో అంతస్తు ఎందుకు ముఖ్యం అని ఒక గంట మాట్లాడుకున్నాం. మేడమ్ ఇక్కడ ఇంకో పని చేశారు. మనలో ఎవరికీ కమ్యూనిటీ నర్సు అంటే ఏం చేస్తారో సరిగ్గా తెలియదు. మన దగ్గర డిశ్చార్జ్ అయ్యాక డ్రెస్సింగ్‌కి పేషెంటే ఆటో కట్టించుకుని హాస్పిటల్‌కి వస్తాడు, లేకపోతే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తాడు. యూకేలో డిస్ట్రిక్ట్ నర్సు ఇంటికే వచ్చి డ్రెస్సింగ్ మారుస్తారని, ఇన్సులిన్ ఇస్తారని, కెథెటర్ చూస్తారని ఆవిడ వివరంగా చెప్పారు. ఉత్తరం అందుకునేవాళ్ల పని ఏమిటో తెలిశాక, రోజు విడిచి రోజు డ్రెస్సింగ్, షుగర్ చెకప్, పుండు ఎర్రబడినా వాసన వచ్చినా వెంటనే డాక్టరుకి చెప్పడం లాంటివి ఒక్కొక్కటీ ఎందుకు రాస్తున్నామో మాకే స్పష్టమైంది. ఈ మాట పాత సెంటర్లో ఒక్కరూ చెప్పలేదు.

ఉత్తరం మొదలుపెట్టే పద్ధతి కూడా ఇక్కడే మారింది. మన అలవాటు ఏమిటంటే, జరిగిందంతా మొదటి నుంచి చెప్పుకొచ్చి, అసలు అడగాల్సింది ఆఖర్న అడగడం. సెలవు చీటీ రాసినా అంతే, మా ఊళ్లో పెళ్లి ఉన్నందువల్ల, నేను వెళ్లవలసి ఉన్నందువల్ల, రెండు రోజులు సెలవు ఇప్పించగలరు అని రాస్తాం. ఇంగ్లిష్ ఉత్తరంలో అడగాల్సింది మొదటి పేరాలోనే పడాలి. ఎవరి గురించి, ఏం కావాలి, ఎందుకు. డాక్టరు గానీ నర్సు గానీ ఉత్తరం తెరిచిన మొదటి రెండు మూడు వరుసల్లో తనతో పనేమిటో తెలుసుకోవాలి. చివర "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని రాస్తే మేడమ్ ఆ వాక్యం పక్కన "ఏం చెయ్యాలి?" అని తెలుగులో రాసి ఇచ్చేవారు. ఏం చెయ్యాలో అప్పటికే విడమర్చి రాసి ఉంటే ఆ వాక్యంతో పని ఉండదని రెండో వారానికి అందరికీ తెలిసిపోయింది.

ఇక దిద్దే పద్ధతి. చేరాలనుకునేవాళ్లు ఇది బాగా తెలుసుకోవాలి, ఎందుకంటే కొంతమందికి ఇది నచ్చదు. మేడమ్ తప్పు సరిచేసి రాయరు. తప్పున్న వరుస చివర పెన్సిల్‌తో చుక్క పెడతారు. రెండు తప్పులుంటే రెండు చుక్కలు. అది ఏ తప్పో మనమే వెతుక్కోవాలి. అది కూడా ఆ వారం చెప్పిన విషయానికే. టెన్స్‌ల వారం అయితే టెన్స్ తప్పులకే చుక్కలు, ఆర్టికల్స్ వారం అయితే ఆర్టికల్స్‌కే. మిగతావి చూసీ వదిలేస్తారు. మా బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉండబట్టలేక, "మేడమ్, అన్ని తప్పులూ దిద్దండి, పరీక్షలో అన్నీ చూస్తారు కదా," అంది. "చూస్తారమ్మా. నీ కాగితంలో ఇరవై చుక్కలు పెడితే ఒక్కటైనా గుర్తుంటుందా? ఈ వారం టెన్స్ నీ చేతిలో పడనీ," అన్నారు ఆవిడ.

దిద్దుకున్నాక అదే ఉత్తరం మళ్లీ రాయాలి. ఆ తర్వాత ఇంకోసారి. ఒక్క ఉత్తరంతోనే వారమంతా గడుస్తుంది. మొదట విసుగొస్తుంది, దాచను. రోజుకో కొత్తది రాస్తుంటే చాలా నేర్చుకుంటున్నట్టు అనిపిస్తుంది, అదే ఉత్తరం మూడోసారి రాస్తుంటే ఎక్కడున్నామో అక్కడే ఉన్నట్టు ఉంటుంది. కానీ మొదటిసారి రాసిందీ మూడోసారి రాసిందీ పక్కపక్కన పెట్టి చదివిస్తారు. ఒకే చేతిరాత, ఒకే పేషెంటు, రెండు ఉత్తరాలు మాత్రం ఇద్దరు మనుషులు రాసినట్టు ఉంటాయి. ఆ తేడా మనమే తెచ్చామని తెలిశాక వచ్చే ధైర్యం ఏ మార్కుతోనూ రాదు.

మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పులేవో ఆవిడకి బాగా తెలుసు, ఆ పాఠాలన్నీ వాటి చుట్టూనే ఉంటాయి. "హి ఈజ్ హేవింగ్ డయాబెటిస్ సిన్స్ ఫిఫ్టీన్ ఇయర్స్" అని వార్డులో మనం రోజూ అంటాం, పక్కవాళ్లూ అంటారు, ఎవరూ తప్పనరు. "హి హాజ్ హాడ్ డయాబెటిస్ ఫర్ ఫిఫ్టీన్ ఇయర్స్" అని నోటికి రావడానికి, చేతికి రావడానికి టైము పడుతుంది. "ఇన్ఫార్మ్డ్ టు డాక్టర్", "డిస్కస్డ్ అబౌట్", "సఫరింగ్ విత్" కూడా అలాంటివే. ఆర్టికల్స్ సంగతి సరేసరి. మన భాషలో లేనివి కాబట్టి ఎక్కడ పెట్టాలో చెవి చెప్పదు. దీనికి ఆవిడ పెద్ద సూత్రాలు చెప్పకుండా, నర్సులు వాడే ఒక యాభై మాటలు తీసుకుని, గాయం, డ్రెస్సింగ్, వార్డు, కోర్సు, ఇన్ఫెక్షన్ లాంటివి, ఒక్కొక్కటీ ఉత్తరంలో మొదటిసారి వచ్చినప్పుడు ఎలా, రెండోసారి వచ్చినప్పుడు ఎలా అని రాయించారు. ఒక్కొక్కరం ఒక తప్పుల పుస్తకం పెట్టుకున్నాం. ఎవరి తప్పులు వాళ్లవి. ఉత్తరం ఇచ్చే ముందు ఆ పుస్తకం తెరిచి, నా తప్పులు ఇందులో ఉన్నాయా అని చూసుకున్నాకే ఇవ్వాలి. పరీక్ష రోజు ఆఖరి ఐదు నిమిషాల్లో నేను చేసిన పని కూడా అదే, పుస్తకం లేదు గానీ అందులోని పేజీలు కళ్ల ముందు ఉన్నాయి.

చిన్న చిన్న వాక్యాలు కలపడం మీద కూడా బాగా పని చేయించారు. ఆయనకి అరవై రెండేళ్లు, ఆయన ఒంటరిగా ఉంటారు, ఆయన భార్య చనిపోయారు అని మూడు వాక్యాలు రాసేవాళ్లం. రోజూ క్లాసు మొదట్లో పది నిమిషాలు అలాంటి ముక్కలు ఇచ్చి ఒక్క వాక్యం చేయమనేవారు. మళ్లీ మరీ పొడుగైతే విడగొట్టమనేవారు. గట్టిగా చదివి ఊపిరి అందకపోతే విడగొట్టు అనేది ఆవిడ కొలత.

మర్యాద గురించి ఒక్క మాట. నోట్స్‌లో "నాన్ కంప్లయంట్", "రిఫ్యూజ్డ్", "ఆల్కహాలిక్" అని ఉంటే మనం అలాగే ఎక్కించేస్తాం. ఆ ఉత్తరం రేపు పేషెంటు చదివితే ఆయనకి ఎలా ఉంటుందో అనుకుని రాయమని మేడమ్ చెప్తారు. మందులు క్రమంగా వేసుకోవడంలో ఇబ్బంది పడుతున్నారని, ఫలానా చికిత్స ప్రస్తుతానికి వద్దన్నారని, వారానికి ఇంత తాగుతారని రాయించారు. ఇప్పుడు వార్డులో నర్సెస్ నోట్స్ రాసేటప్పుడు కూడా నాకు ఆ మాటలే వస్తున్నాయి. దీన్ని పరీక్షకి పనికొచ్చే చిట్కాగా నేను చూడటం లేదు, పేషెంటు పట్ల మనం ఎలా ఉండాలో అది.

నచ్చనివి కూడా చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ ఎవరికీ పనికిరాదు.

కాగితాలు ఆలస్యంగా వస్తాయి. సోమవారం ఇస్తే గురువారం. ఆవిడ ఒక్కరే చదువుతారు కాబట్టి అంతకన్నా త్వరగా కుదరదు, అది నాకు అర్థమైంది. పరీక్ష దగ్గర పడ్డవాళ్లకి మాత్రం ఆ మూడు రోజులు చాలా టెన్షన్‌గా ఉంటాయి. రెండోది, వారానికి ఒక విషయమే దిద్దే పద్ధతి మొదట్లో సరైనదే, పరీక్షకి రెండు వారాల ముందు కూడా అదే పట్టుకుని ఉండటం సరికాదని నా అభిప్రాయం. అప్పటికి అన్నీ ఒకేసారి చూసి, ఆరు విషయాలకీ మార్కులు వేసి, నువ్వు ఇక్కడున్నావు అని చెప్పేవాళ్లు కావాలి. నేను ఆవిడతో ఈ మాట అన్నాను కూడా. చివర్లో ఒక పూర్తి మాక్ టెస్ట్ పెట్టారు, నా లెక్కన అది చాలదు.

కంప్యూటర్ మీద పరీక్ష రాసేవాళ్లకి ఇక్కడ ఏమీ దొరకదు. అంతా కాగితం, పెన్సిలే. టైపింగ్ స్పీడు లేనివాళ్లు 40 నిమిషాల్లో ఉత్తరం పూర్తి చేయడం కష్టం, అది వేరేగా ప్రాక్టీస్ చేసుకోవాలి. నేను పేపర్ పరీక్షే ఎంచుకున్నాను కాబట్టి నాకు ఇబ్బంది రాలేదు.

బ్యాచ్ టైము సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర. మధ్యాహ్నం షిఫ్టు ఉన్న వారం క్లాస్ పోయినట్టే. ఆన్‌లైన్ లేదు, రికార్డింగ్ లేదు. పోయిన క్లాసు ఉత్తరం ఎవరినైనా అడిగి తెచ్చుకుని ఇంట్లో రాసి ఇస్తే దిద్దుతారు. తోటపని లాంటి చర్చ మాత్రం పోయినట్టే, అది ఏ నోట్సులోనూ దొరకదు. మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ మంచావిడ కాబట్టి ఆ నెలల్లో నాకు ఎక్కువగా మార్నింగ్, నైట్ వేశారు. మీకు ఆ వీలు లేకపోతే చేరే ముందు ఒకసారి ఆలోచించుకోండి.

ఐఈఎల్‌టీఎస్ వాళ్లు కూడా ఒకరిద్దరు మాతో కూర్చున్నారు. వాక్యాలు, ఆర్టికల్స్, తిరిగి రాయడం వరకు వాళ్లకి ఉపయోగమే. వాళ్ల పరీక్షలో గ్రాఫు చూసి రాయడం, ఒక విషయం మీద అభిప్రాయం 250 పదాల్లో రాయడం ఉంటాయి. వాటికి మేడమ్ విడిగా ఇచ్చే టైము తక్కువ. ఐఈఎల్‌టీఎస్ కోసమే అయితే నేను ఈ క్లాస్ చెప్పను.

ఫీజు నెలకి మూడు వేలు, రెండు నెలల కోర్సు. వేరే చోట్లతో పోలిస్తే తక్కువే. మెటీరియల్ అంటూ లావుపాటి పుస్తకాలు ఇవ్వరు. కేస్ నోట్స్ ఆవిడే తయారు చేసి జిరాక్స్ ఇస్తారు. మొదటి రెండు వారాలు పేషెంట్లందరూ తెనాలి, పొన్నూరు, చిలకలూరిపేట వాళ్లే. ఆ తర్వాత మెల్లగా బయటి దేశాల పేర్లు, అక్కడి పద్ధతులు వస్తాయి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, తెలిసిన మనుషుల గురించి రాస్తున్నప్పుడు భాష ఒక్కదానితోనే కుస్తీ పట్టాలి. తెలియని పేర్లు, తెలియని వ్యవస్థ, తెలియని భాష మూడూ ఒకేసారి మీద పడితే ఎవరికైనా కష్టమే.

నాకు పరీక్షలో రైటింగ్‌కి 360 వచ్చింది. మా బ్యాచ్‌లో అందరికీ కావలసిన స్కోరు రాలేదు, ఇద్దరు మళ్లీ రాస్తున్నారు. ఆ ఇద్దరూ క్లాసులు బాగా మిస్సయినవాళ్లు. చేరితే గ్యారంటీ అని ఎవరైనా చెప్తే నమ్మకండి, మేడమ్ కూడా అలా చెప్పరు.

నెల రోజుల్లో పరీక్ష పెట్టుకుని టెంప్లేట్ కోసం వెతుక్కునేవాళ్లు ఇక్కడికి వస్తే నిరాశ పడతారు. కనీసం మూడు నెలల టైము ఉండి, తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిష్ అర్థమవుతూ కూడా రాయలేకపోతున్న సిస్టర్లకి గుంటూరులో ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

కొత్త బ్యాచ్ ప్రతి రెండు నెలలకీ మొదలవుతుంది. చేరే ముందు అక్కడే కూర్చోబెట్టి ఒక ఉత్తరం రాయిస్తారు, దానికి మార్కులుండవు, ఎవరినీ వెనక్కి పంపరు. ఆ కాగితం దాచుకోండి, కోర్సు చివరి వారంలో మేడమ్ అడుగుతారు. రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు, వంద పేజీల రూళ్ల పుస్తకం తీసుకెళ్లండి. మీ హాస్పిటల్ కేస్ షీట్లు మాత్రం తీసుకెళ్లకండి. పేషెంట్ల పేర్లతో ఉన్న కాగితం ఏదీ క్లాసులోకి రానివ్వరు, ఆ విషయంలో ఆవిడ చాలా గట్టిగా ఉంటారు. మెట్లు కాస్త నిటారుగా ఉంటాయి, బండి మందుల షాపు ముందు పెట్టనివ్వరు, పక్క సందులో పెట్టుకోవాలి.